ఊళ్లో ఒంటరిగా బరువు దుంగలు కదిలించడం, బండికెక్కించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదుగా వెళ్లిపోయాక, మర్నాడు వీధిలోకి వస్తే ఎటు చూసినా పడిపోయిన చెట్లే. ఏళ్ల తరబడి నీడనిచ్చిన నిద్రగన్నేరు, తురాయి, వేప మానులు ముక్కలై కాలువ గట్ల మీద పడి ఉన్నాయి. లేతు మీద కర్ర తిప్పి గిన్నెలు, పళ్లేలు చేసుకోవడం నాకు అలవాటు. అంత మంచి కర్ర పొయ్యిలోకి పోతుంటే చూడలేక, తెలిసినవాళ్ల పెరట్లో పడిన చెట్లు అడిగి తెచ్చుకోవడం మొదలుపెట్టాను. సాయానికి ప్రతిసారీ మనిషి దొరికేవాడు కాదు. అలా ఒక్కడినే చేయడం నేర్చుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లు తరచు అడిగేవి, అడగకపోయినా తెలిసి ఉండాల్సినవి ఇక్కడ రాస్తున్నాను.

నిజంగా ఒక్కరే చేయగలరా? వంద కిలోల దుంగని ఒక్క మనిషి బండికెక్కించడం సాధ్యమేనా?

సాధ్యమే, కానీ ఎత్తి కాదు. దుంగ బరువు ఎప్పుడూ నేల మీదో, చెక్క మీదో, గొలుసు మీదో ఉండాలి. మీ నడుం మీదకి రాకూడదు. మీరు చేసేదల్లా అది ఎటు పోవాలో చూపించడమే. నలుగురు మనుషులు అయిదు నిమిషాల్లో చేసే పనికి ఒక్కరికి గంటన్నర పడుతుంది. ఆ గంటన్నర మీ దగ్గర లేకపోతే ఒంటరిగా మొదలుపెట్టకండి. నాకు తెలిసిన దెబ్బలన్నీ తొందరలో తగిలినవే.

దుంగ బరువెంతో చూడగానే ఎలా తెలుస్తుంది?

చూస్తే తెలియదు, కొలవాలి. అందరూ తక్కువ అంచనా వేస్తారు, నేనూ వేశాను. పచ్చి కర్రలో సగానికి సగం నీరే ఉండొచ్చు. కొట్టి వారం కాని కర్ర ఏ జాతిదైనా ఇంచుమించు నీళ్లంత బరువు అనుకుని లెక్క కట్టండి. తుమ్మ, నీలగిరి లాంటివి అంతకన్నా బరువుండొచ్చు.

లెక్క సులువు. టేపుతో దుంగ నడిమధ్యన చుట్టుకొలత తీసుకోండి. అడుగుల్లో ఆ చుట్టుకొలతని దానితోనే గుణించండి, వచ్చినదాన్ని పొడవుతో గుణించండి, చివర రెండుంపావుతో గుణించండి. కిలోలు వస్తాయి. మూడడుగుల చుట్టుకొలత, రెండడుగుల పొడవున్న మొద్దు 40 కిలోలు. నాలుగడుగుల చుట్టు, నాలుగడుగుల పొడవు అయితే 144 కిలోలు. ఆరడుగుల చుట్టు ఉంటే మూడడుగుల ముక్కే 243 కిలోలు. పొడవు రెట్టింపయితే బరువు రెట్టింపవుతుంది, కానీ లావు రెట్టింపయితే బరువు నాలుగింతలవుతుంది. మనల్ని మోసం చేసేది లావే.

కలప అడితిలో కొలిచే పద్ధతి వేరు. వాళ్లు చుట్టుకొలతని నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణించి ఘనపుటడుగులు చెబుతారు. కోతలో పోయే చెక్కని లెక్కలోంచి తీసేయడానికి పుట్టిన పద్ధతి అది. నిజం ఘనపరిమాణంలో దాదాపు 78 శాతమే చూపిస్తుంది. పైన చెప్పిన నాలుగడుగుల దుంగ వాళ్ల లెక్కలో 4 ఘనపుటడుగులు, నిజానికి అది 5.1. కొనడానికి, అమ్మడానికి ఆ లెక్క సరే. బరువుకి దాన్ని నమ్మితే 30 కిలోలు తేడా వస్తుంది.

మనసులో పోల్చుకోవడానికి ఇంట్లో తెలిసిన బరువులు పెట్టుకోండి. నిండు గ్యాస్ సిలిండరు 30 కిలోలు, సిమెంటు బస్తా 50. రెండున్నరడుగుల చుట్టు, నాలుగడుగుల పొడవున్న దుంగ సన్నగానే కనిపిస్తుంది. కానీ అది ఒక సిమెంటు బస్తా కన్నా బరువు.

ఎంత బరువు వరకు చేతులతో ఎత్తొచ్చు?

అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ వేసిన లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా మొదలుపెట్టే అంకె 23 కిలోలు. వంగినా, పక్కకి తిరిగినా, పట్టు సరిగా లేకపోయినా అందులోంచి తగ్గిస్తూ పోతారు. దుంగకి పిడి ఉండదు, బెరడు ఊడివస్తుంది, నేల ఎగుడుదిగుడు. అందుకని నా హద్దు 20 కిలోలు. అంతకు మించితే ఒక చివరే ఎత్తుతాను, లేదా సాధనం వాడతాను.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఇచ్చిన సిఫారసు ప్రకారం మగ కార్మికుడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదు. అది రోజూ ఆ పనిలో ఉండి అలవాటు పడినవాళ్ల గురించి. ఆదివారం పూట సరదాకి చేసే మనకి వర్తించదు.

ఏమేం సామాన్లు కావాలి? ఖర్చు ఎక్కువా?

అయిదడుగుల గునపం ఒకటి. ఇది లేకుండా బయల్దేరొద్దు. రెండంగుళాల ఇనప పైపు ముక్కలో, సరుగుడు కర్ర ముక్కలో రెండడుగులవి నాలుగు. ఏటవాలుగా కోసిన ఆపు చెక్కలు ఆరు, ఇవి మిగిలిన కర్రతో మీరే కోసుకోవచ్చు. ముప్పై అడుగుల మోకులు రెండు, సరుకుని బిగించి కట్టే రాచెట్ బెల్టులు మూడు నాలుగు. చేత్తో ఆడించే రాచెట్ పుల్లరు ఒకటి (పిడి కదిపిన ప్రతిసారీ కొంచెం లాగి, వెనక్కి జారకుండా పట్టి ఉంచేది), హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది. మందం గ్లవ్స్, ముందు ఇనప టోపీ ఉన్న బూట్లు. చెప్పులతో ఈ పని చేయొద్దు.

తాడు విషయంలో ఒక్క మాట. పాత నైలాను తాడు బాగా సాగుతుంది. సాగిన తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. లాగుతున్న తాడుకి ఎదురుగా ఎప్పుడూ నిలబడొద్దు, పక్కకి ఉండండి. నలిగిన, నూలు లేచిన తాడు బట్టలారేయడానికి వాడుకోండి.

నేల మీద ఎలా కదిలించాలి?

మొదట గునపం. మొనని దుంగ కింద దూర్చి, మొనకి ఆరంగుళాల దూరంలో గునపం కింద చిన్న చెక్క ముక్క ఆనిక పెట్టండి. అటు ఆరంగుళాలు, ఇటు 54 అంగుళాలు, అంటే తొమ్మిదింతల బలం. పైగా ఒక చివర ఎత్తేటప్పుడు మీ మీద పడేది సగం బరువే. 144 కిలోల దుంగ చివర 72 కిలోలు, దాన్ని లేపడానికి మీరు నొక్కాల్సింది ఎనిమిది కిలోలు. పదేళ్ల పిల్ల కూడా నొక్కగలదు. అయితే చేతిని అడుగు కిందికి నొక్కితే దుంగ లేచేది అంగుళంన్నర లోపే. ఫరవాలేదు. లేచిన ప్రతి అంగుళానికీ కింద చెక్క తోసి, మళ్లీ లేపాలి. ఆ చెక్కని చేత్తో కాదు, ఇంకో కర్రతో తోయాలి. నా ఎడమచేతి ఉంగరం వేలి గోరు రెండేళ్లు వంకరగా పెరిగింది, ఆ ఒక్క సెకను చెయ్యి పెట్టినందుకు. దుంగ కిందికి చెయ్యి పోకూడదు, గ్లవ్ ఉన్నా సరే.

రెండు చివరలూ లేచాక కింద పైపు ముక్కలు పెడితే దుంగ పొడుగునా ముందుకి జరుగుతుంది. మన తీరంలో జాలర్లు పడవని ఇసుక మీదికి తెచ్చేటప్పుడు కింద దుంగలు వేసి దొర్లించడం చూసే ఉంటారు. అదే పని. దుంగ రెండడుగులు జరిగితే పైపు ఒక్క అడుగే జరుగుతుంది. అంటే వెనక పైపు బయటపడేలోపు మీకు కావాల్సినంత సమయం ఉంటుంది. బయటపడినదాన్ని తెచ్చి ముందు పెట్టడమే. ఎప్పుడూ కనీసం మూడు పైపులు దుంగ కింద ఉండాలి.

దిశ మార్చాలంటే నాకు బాగా నచ్చిన ఉపాయం ఒకటుంది. దుంగ సరిగ్గా మధ్యలో, బరువు సమంగా తూగే చోట, కింద ఒక చిన్న చెక్క ముక్క పెట్టండి. రెండు చివరలూ గాల్లో ఉంటాయి. అప్పుడు ఒక చివరని ఒంటిచేత్తో తోస్తే 150 కిలోల దుంగ గుండ్రంగా తిరిగిపోతుంది. మొదటిసారి చేసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు, ఇంట్లోవాళ్లని పిలిచి చూపించాను.

పక్కకి దొర్లించేటప్పుడు దుంగ నేరుగా పోదు. మొదలు లావు, కొస సన్నం కాబట్టి కొస వైపుకి వంకర తిరుగుతుంది. ప్రతి నాలుగైదు అడుగులకీ లావు చివరని గునపంతో వెనక్కి సర్దుకుంటూ పోవాలి.

పొట్టి మొద్దులైతే నిలబెట్టి, కొంచెం వంచి, అంచు మీద తిప్పుతూ నడిపించొచ్చు. నూనె పీపాని జరిపే పద్ధతే. రెండడుగుల లోపు ఎత్తున్నవాటికే ఇది. అంతకన్నా పొడుగైతే మీ మీదకి తిరగబడుతుంది.

మా వీధి ఏటవాలు. ఏం జాగ్రత్త తీసుకోవాలి?

విశాఖలో చాలా వీధులు అలాంటివే, అందుకే ఈ ప్రశ్న నాకు ఎక్కువ వస్తుంది. దుంగని ఎప్పుడూ వాలుకి అడ్డంగా వదలొద్దు, అది చక్రం. వాలు వెంబడి పొడుగునా ఉంచితే దొర్లదు. ప్రతిసారీ ఆగినప్పుడు దిగువ వైపు రెండు ఆపు చెక్కలు పడాలి. మీరు ఎప్పుడూ ఎగువ వైపే ఉండాలి. జారుతున్న దుంగని కాలితో ఆపాలని చూడొద్దు. పోనివ్వండి.

ఒకసారి మా పక్క వీధిలో వేప మొద్దు ఒకటి నా చెయ్యి జారింది. ఆపు చెక్క ఒక్కటే పెట్టాను, అది సిమెంటు రోడ్డు మీద జారిపోయింది. ముప్పై అడుగులు దొర్లి ఒక ఇంటి ప్రహరీకి కొట్టుకుంది. గోడ పగుళ్లిచ్చింది. ఆ టైములో వీధిలో పిల్లలు లేరు. ఆ సాయంత్రమే మేస్త్రీని తీసుకెళ్లి గోడ బాగుచేయించాను, కానీ పిల్లలు ఉండి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ వదల్లేదు. అప్పట్నుంచి వాలులో పని చేసేటప్పుడు దుంగని ఎగువన ఉన్న దేనికైనా తాడుతో కట్టి, కొంచెం కొంచెం వదులుతూనే దింపుతాను. తాడు కట్టడానికి గట్టి చెట్టో బండి కొక్కెమో ఉండాలి. గేటు స్తంభం, కరెంటు స్తంభం వద్దు.

గేట్లు, మెట్లు, టైల్స్, కాలువ మీది పలకలు?

ఊళ్లో పని కష్టమయ్యేది ఇక్కడే. ముందే ఖాళీ చేతులతో దారంతా నడిచి చూడండి. టైల్స్ మీద మందం ప్లైవుడ్ ముక్కో, నాలుగు మడతల గోనె సంచో పరవకుండా ఇనప పైపు వాడితే టైలు పగులుతుంది. రెండు మూడు మెట్లుంటే వాటి మీద మందపాటి చెక్క వేసి వాలు చేసుకోండి.

కాలువ మీది సిమెంటు పలకల్ని అస్సలు నమ్మకండి. మనిషి నడవడానికి వేసినవి అవి. దుంగ, మీరు, గునపం ఆనిక అన్నీ ఒకే పలక మీదకి వస్తే మధ్యకి విరుగుతుంది, కాలు లోపలికి పోతుంది. గట్టు నుంచి గట్టుకి ఆనేలా పొడవు దూలాలు రెండు వేసి వాటి మీదుగా దాటించండి.

అపార్టుమెంటు లిఫ్టులో తీసుకెళ్లొచ్చా?

ఆరుగురు పట్టే లిఫ్టుకి మోయగల బరువు 408 కిలోలు అని లోపల రాసి ఉంటుంది, మనిషికి 68 కిలోల చొప్పున. ఆ అంకె చూసి ధైర్యం చేయొద్దు. నలుగురు మనుషుల బరువు నేలంతా పరచుకుంటుంది, మొద్దు బరువు ఒక్క అంచు మీద పడుతుంది. గడప దగ్గర పట్టా వంగితే లిఫ్టు తలుపు పట్టేస్తుంది. కిందే కోసి, 20 కిలోల ముక్కలు చేసి తీసుకెళ్లండి. అసోసియేషన్‌తో గొడవ కూడా తప్పుతుంది.

బండికెక్కించడం ఎలా? అసలు కష్టం అక్కడే కదా?

అవును. దీనికి నాకు తెలిసినంతలో మంచి పద్ధతి వాలు చెక్కలు, రెండు తాళ్లు.

టాటా ఏస్ లాంటి చిన్న బండి తొట్టి నేలకి సుమారు రెండున్నరడుగుల ఎత్తు అనుకుందాం. వెనక తలుపు దించి, ఎనిమిది అడుగుల దూలాలు రెండు వాలుగా ఆనించండి. నాలుగంగుళాలకి మూడంగుళాల గట్టి కర్ర ముక్కలు సరిపోతాయి. సెంట్రింగ్ చెక్కలు పనికిరావు, పల్చన, పైగా మేకు బొక్కలతో బలం పోయి ఉంటాయి. దూలాల పై కొసల్ని బండికి తాడుతో బిగించండి. బిగించకపోతే సగంలో దూలం వెనక్కి తన్నుతుంది, దుంగ మీ కాళ్ల మీద ఉంటుంది. బండి గేరులో ఉండాలి, హ్యాండ్ బ్రేక్ పడాలి, చక్రాలకి రెండు వైపులా రాళ్లు పెట్టాలి.

ఇప్పుడు దుంగని దూలాల అడుగున అడ్డంగా పెట్టండి. రెండు మోకుల ఒక్కో కొసని తొట్టి ముందు వైపు కొక్కేలకి కట్టి, దూలాల వెంట కిందికి తెచ్చి, దుంగ కిందుగా పోనిచ్చి, పైకి చుట్టి మళ్లీ తొట్టిలోకి తీసుకెళ్లండి. ఆ కొసలు లాగితే దుంగ తాడు మధ్యలో దొర్లుకుంటూ పైకెక్కుతుంది. ఎనిమిది అడుగుల వాలు వల్ల బరువు దాదాపు మూడో వంతుకి తగ్గుతుంది, తాడు చుట్టు వల్ల అందులో మళ్లీ సగం అవుతుంది. 144 కిలోల దుంగకి మీరు లాగాల్సింది 23 కిలోలు, రాపిడి కలిపితే ఇంకొంచెం. దుంగ తనకి తానే కప్పీలా పనిచేస్తుంది.

ఒక్కరే ఉన్నప్పుడు రెండు తాళ్లు సమానంగా లాగడం కష్టం. అందుకని రెండు కొసల్నీ ఒకే ముడికి తెచ్చి, ఆ ముడిని తొట్టి ముందు కొక్కేనికి బిగించిన రాచెట్ పుల్లరుకి తగిలించండి. పుల్లరు కదిపిన ప్రతిసారీ కొంచెం ఎక్కుతుంది, వదిలేసినా వెనక్కి రాదు. అయినా ప్రతి అడుగుకీ దుంగ వెనక ఆపు చెక్కలు పెట్టండి. అవి పక్క నుంచి పెట్టాలి. దుంగ వాలు మీద ఉండగా దాని దిగువన ఒక్క క్షణం కూడా నిలబడకూడదు.

ఈ పద్ధతికి దుంగ బండి వెడల్పులో పట్టాలి కాబట్టి నేను ఎప్పుడూ నాలుగడుగులకి కోయిస్తాను.

చైన్ పుల్లీ వాడితే ఇంకా సులువు కాదా?

దుంగ 250 కిలోలు దాటితే అదే వాడండి. బోరు మోటారు పైకి తీసేవాళ్ల దగ్గర మూడు కాళ్ల ఇనప స్టాండు, టన్ను బరువెత్తే చైన్ పుల్లీ ఉంటాయి, చాలాచోట్ల అద్దెకి దొరుకుతాయి. దుంగని ఎత్తి, కిందికి బండిని వెనక్కి రప్పించి దింపడమే. మూడు విషయాలు చూసుకోండి. స్టాండు కాళ్లు సిమెంటు నేల మీద జారి విచ్చుకోకుండా మూడింటినీ కింద తాడుతో ఒకదానికొకటి కట్టాలి. గొలుసుని దుంగకి రెండు చోట్ల వేయాలి, ఒక్కచోట వేస్తే ఒరిగి జారుతుంది. వేలాడే దుంగ కిందికి చెయ్యి, కాలు, తల ఏదీ పోకూడదు. బండి వెనక్కి వస్తున్నప్పుడు మీరు డ్రైవరుకి కనిపించే చోట ఉండాలి.

ఏ బండి మంచిది? ఎలా కట్టాలి?

చిన్న ట్రాలీ బండి చాలు. ఏస్ లాంటివి ముప్పావు టన్ను దాకా మోస్తాయి. కచ్చితమైన అంకె ఆర్సీ చూసి తెలుసుకోండి. బరువు వెనక ఇరుసుకి ముందు వైపు పడేలా సర్దాలి. అంతా వెనక అంచున పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు పట్టు తప్పుతుంది.

దుంగ బయటికి పొడుచుకు రాకూడదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194వ సెక్షనులో, సరుకు హద్దు దాటి పక్కకో వెనక్కో ముందుకో వస్తే 20 వేల రూపాయల జరిమానా రాసి ఉంది. సరుకు దింపించే ఖర్చు అదనం. జరిమానా సంగతి అలా ఉంచినా, చీకట్లో వెనక స్కూటరు మీద వచ్చేవాళ్లకి ఆ కొస కనిపించదు. ఎర్రగుడ్డ కట్టి సరిపెట్టుకోవద్దు, ఒక అడుగు కోసేయండి.

దుంగకి రెండు వైపులా ఆపు చెక్కలు పెట్టి, ఒక్కో దుంగకి రెండు రాచెట్ బెల్టులు వేయండి. బయల్దేరిన రెండు కిలోమీటర్లకే ఆపి మళ్లీ బిగించండి. కుదుపులకి బెరడు నలిగి బెల్టు కచ్చితంగా వదులవుతుంది.

కారు డిక్కీలో, స్కూటరు ముందు పెట్టుకుని తేవచ్చా?

డిక్కీలో చిన్న మొద్దులు తేవచ్చు, బ్రేకు వేస్తే సీటు మీదకి దొర్లకుండా కట్టగలిగితే. స్కూటరు మీద వద్దు. కాళ్ల దగ్గర గుండ్రటి బరువు పెట్టుకుని హ్యాండిల్ తిప్పడం ప్రాణాలతో ఆట.

రోడ్డు మీద పడిన చెట్టు తీసుకెళ్లొచ్చా? అనుమతి కావాలా?

రోడ్డు మీది చెట్టు నగరపాలక సంస్థది. పడిపోయింది కదా అని కోసుకుపోకూడదు, అక్కడి ఉద్యానవన విభాగాన్ని అడగాలి. ఇంటి పెరట్లోది యజమాని ఇవ్వాలి. ఇస్తున్నట్టు ఒక కాగితం మీద రాయించుకుని, ఆ చెట్టు ఫోటో తీసి ఉంచుకోండి. నిలబడి ఉన్న చెట్టు కొట్టాలంటే సొంత స్థలంలోదైనా 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం అనుమతి విషయం చూసుకోవాలి. ఆ చట్టం ఉమ్మడి రాష్ట్రంలో వచ్చింది కాబట్టి తెలంగాణలోనూ ఉంది. కలప రవాణాకి 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నిబంధనలున్నాయి. టేకు లాంటి కర్ర బండిలో వేసుకునే ముందు అటవీ శాఖ రేంజి ఆఫీసులో అడిగి, పర్మిట్ కావాలంటే తీసుకోండి. ఎర్రచందనం, గంధం అయితే పెరట్లో పెంచినదైనా ముట్టుకోవద్దు, ముందు అటవీ శాఖకి చెప్పాలి.

తుఫాను తర్వాత పడిన చెట్ల దగ్గర ప్రమాదం ఏమిటి?

మొదటిది కరెంటు. కొమ్మల్లో వైరు చిక్కుకుని ఉంటే, వీధంతా చీకటిగా ఉన్నా అది చచ్చిన వైరు అనుకోవద్దు. ఎవరింట్లోనో జనరేటరు నడుస్తుంటే వెనక్కి కరెంటు రావచ్చు. 1912కి ఫోన్ చేసి, లైన్‌మన్ వచ్చి తేల్చేదాకా దగ్గరకి వెళ్లొద్దు.

రెండోది బిగువు. కూలిన చెట్టు కొమ్మ నేలకి నొక్కుకుని విల్లులా వంగి ఉంటుంది. కోయగానే అది విదిలించుకుని మొహం మీదకి వస్తుంది. వేళ్లతో లేచిన మాను అయితే, మొదలు కోయగానే వేళ్ల దిబ్బ మళ్లీ గుంటలోకి నిటారుగా పడిపోతుంది. ఆ గుంటలో మనిషి ఉంటే అంతే.

చైన్‌సాతో ఒక్కరే కోయొచ్చా?

వద్దు. ఇది చాలామందికి నచ్చదు, అయినా చెబుతాను. కదిలించడం ఒంటరిగా చేయొచ్చు, ఎందుకంటే ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు. చైన్‌సా అలా ఆగదు. రంపం కొస దేనికైనా తగిలి వెనక్కి తన్నితే రెప్పపాటులో మెడో భుజమో తెగుతుంది, అప్పుడు రక్తం ఆపడానికి, 108కి ఫోన్ చేయడానికి పక్కన మనిషి కావాలి. నేను కోతకి ఎప్పుడూ ఆ పని తెలిసినవాళ్లనే పెట్టుకుంటాను. నాలుగడుగుల ముక్కలు చేసిపెట్టి వెళ్లిపోతారు, ఆ తర్వాత పని నాది.

ఇంత కష్టం ఎందుకు, హమాలీలని పిలిస్తే పోదా?

చాలాసార్లు అదే సరైన పని. నాకు వచ్చిన ఉపాయాల్లో సగం కలప అడితి దగ్గర పనిచేసే హమాలీలని చూసి నేర్చుకున్నవే. దుంగని ఎక్కడ పట్టాలో, ఎప్పుడు వదలాలో వాళ్లకి తెలిసినట్టు మనకి తెలియదు. 300 కిలోలు దాటినా, మెట్ల మీదుగా వెళ్లాల్సి వచ్చినా, వర్షం పడి నేల జారుతున్నా నేను వాళ్లనే పిలుస్తాను. అడిగిన కూలి బేరమాడకుండా ఇస్తాను. చిక్కేమిటంటే, ఒకటి రెండు మొద్దుల కోసం నలుగురు సగం రోజు రాలేరు. ఒంటరి పద్ధతులు అలాంటి చిన్న పనులకే.

నాకు యాభై దాటాయి, నడుం నొప్పి ఉంది. చేయొచ్చా?

గునపం, పుల్లరు వాడే పని చేయొచ్చు, డాక్టరుని అడిగి. వంగి ఎత్తే పని ఏదీ వద్దు. బీపీ, గుండె ఇబ్బంది ఉన్నవాళ్లు ఒంటరిగా అసలు వద్దు.

ఎవరైనా సరే ఏప్రిల్, మే నెలల్లో పదకొండు నుంచి నాలుగు దాకా ఈ పని పెట్టుకోవద్దు. సముద్రం పక్కన ఉక్కకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఉప్పు వేసిన మజ్జిగ సీసా దగ్గర ఉంచుకోండి. ఎక్కడ పని చేస్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి. ఫోన్ బండిలో కాదు, జేబులో ఉండాలి. కాలు దుంగ కింద ఇరుక్కుంటే బండి దాకా వెళ్లలేరు.

మిల్లువాళ్లు ఊరి చెట్లంటే కోయడానికి ఒప్పుకోవడం లేదు. ఎందుకు?

మేకుల వల్ల. వీధి చెట్టుకి అందరూ మేకులు కొడతారు: ట్యూషన్ బోర్డులు, ఎన్నికల బ్యానర్లు, బట్టల తాడు. చెట్టు వాటిని లోపలికి మింగేస్తుంది. పాత ట్రీ గార్డు ఇనుము మొత్తం మానులో కలిసిపోయిన దుంగ నేను చూశాను. రంపం బ్లేడుకి ఒక్క మేకు తగిలితే పళ్లన్నీ పోతాయి, మనిషికీ తగలొచ్చు. దుంగ కొసన నీలి నలుపు మరక కనిపిస్తే లోపల ఇనుము ఉన్నట్టే అనుకోండి. చేతిలో పట్టుకునే చిన్న మెటల్ డిటెక్టరుతో అంతా తడిమి, సుద్దతో గుర్తులు పెట్టి మిల్లుకి తీసుకెళ్లండి. బ్లేడు పాడైతే డబ్బు మీరే ఇస్తారని ముందే చెప్పండి. నాకు కోసిపెట్టేవాళ్లు అలాగే దొరికారు.

ఇంటికి చేరాక ఏం చేయాలి?

ఆ రోజే కొసలకి పూత వేయాలి. దుంగలో నీరు కొసల నుంచే వేగంగా ఆరుతుంది, అక్కడే నెర్రెలు ఇస్తుంది. పాత ఆయిల్ పెయింటు రెండు పూతలు చాలు. మైనం కరిగించి పూస్తే ఇంకా మంచిది. మట్టి, పేడ కలిపి పూసే పాత పద్ధతి కూడా పనిచేస్తుంది. నేలకి తగలకుండా ఇటుకల మీద, నీడలో పెట్టండి, చెదలు అంత తొందరగా పట్టవు. పురుగు బెరడు కింద పుడుతుంది కాబట్టి బెరడు వలిచేయండి.

గిన్నెలు తిప్పేవాళ్లయితే అసలు ఆరనివ్వొద్దు, పచ్చిగా ఉండగానే మందంగా ఒకసారి తిప్పి, ఆరాక రెండోసారి తిప్పండి. ఏటికొప్పాక బొమ్మలకి వాడే అంకుడు కర్ర చేతికి మెత్తగా, తెల్లగా ఉంటుంది. వీధి చెట్ల కర్ర అలా లొంగదు. నిద్రగన్నేరు పీచుగా లేస్తుంది, వేప పొడి గొంతులో చేదుగా దిగుతుంది, మాస్కు లేకుండా లేతు దగ్గర నిలబడొద్దు. పలకలు కోయించేవాళ్లు మందం అంగుళానికి ఏడాది చొప్పున ఆరబెట్టాలి. హుద్‌హుద్ నాటి నిద్రగన్నేరు పలకలు రెండంగుళాలవి, 2017లో గానీ నేను ముట్టుకోలేదు. వాటిలో ఒకటి ఇప్పుడు, ఆ చెట్టు పడిన ఇంట్లోనే భోజనాల బల్లగా ఉంది.